ఎడమ పక్క ఖాళీ

ఆదివారం పొద్దున్నే ఆటిస్ పూరిఫాయ్ నీలం సూటు తొడుక్కుని, మిగతా ఇద్దరు పాటగాళ్లతో చర్చిలో నిలబడేవాడు. నిలబడేది ముగ్గురే గానీ, ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలేవాళ్లు. అది నాలుగో పాటగాడు లెమ్యుయెల్‌ది. అతన్ని పాతిపెట్టి మూడేళ్లయింది. ఆటిస్ తొడ మీద చరిచాడంటే ఆ ఖాళీలోంచి బావి అడుగున పలికినట్టుండే అతని గొంతు అందుకునేది. బెంచీలు అదిరేవి. జనం విసనకర్రలు ఊపుకుంటూ ఆమెన్ అనేవాళ్లు.

వాళ్ల మట్టిరోడ్డు వాడకి కొళాయి లేదు. కౌంటీ ఆఫీసు ముందు పూలమొక్కలకి ఉంది. అందుకే ఆటిస్ కౌంటీ బోర్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. దేవుడిచ్చిన గొంతుని ఓట్లకి అమ్ముకుంటున్నాడని చర్చి పెద్దలు దెప్పితే, పాటని బోర్డు గదిలోకి తీసుకెళ్లనని మాటిచ్చాడు. గెలిచాడు. ఐదుగురు సభ్యుల్లో నల్లవాడు అతనొక్కడే.

అక్కడుంది తిరకాసు. ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. లేకపోతే చర్చా లేదు, ఓటూ లేదు. కొళాయిల్లేని ప్రతి రోడ్డుకీ నీళ్లివ్వాలని ఆటిస్ నెలనెలా లేచి అడిగేవాడు. మిగతావాళ్లు గోళ్లు చూసుకునేవాళ్లు. ఛైర్మన్ సుత్తి కొట్టేవాడు. అంతే.

లెమ్యుయెల్ భార్య ఒడెస్సా బిందె దించి, నడుం పట్టుకుని అడిగింది.

"అక్కడ కూడా ఎడమ పక్క కుర్చీ ఖాళీగానే ఉంచుతున్నావట?"

"అలవాటు, వదినా."

"మరి నువ్వు తొడ చరవందే ఆయన ఎన్నడైనా అందుకున్నాడా? పెద్దలకిచ్చిన మాట వాళ్లనే తాగమను."

ఆ నెల వాడంతా వెళ్లి వెనక వరుసల్లో కూర్చుంది. ఆటిస్ లేచి అడిగాడు. గోళ్లు చూసుకోవడం అయింది. సుత్తి లేచింది. ఆటిస్ తొడ చరిచాడు.

"బలపరుస్తున్నాను," అంది ఖాళీ కుర్చీ. బల్ల మీద గ్లాసులు వణికాయి.

ఎవరని ఎవరూ అడగలేదు. ఆ గొంతు రేడియోలో ఆదివారాలు వినని ఇల్లు కౌంటీలో లేదు.

"చచ్చినవాడి మాట చెల్లదు, ఆటిస్," అన్నాడు ఛైర్మన్.

"మిస్టర్ పూరిఫాయ్ అనండి. ఈ కౌంటీలో చచ్చినవాళ్లు ఏళ్ల తరబడి మీకు ఓట్లేస్తూనే ఉన్నారు కదండీ. మావాడొకడు మాట సాయం చేస్తేనే చెల్లదా?"

వెనక వరుసలు నవ్వాయి. ముందు కూర్చున్న తెల్లవాళ్లూ నవ్వాపుకోలేకపోయారు. మినిట్స్ రాసే వెర్నా తలెత్తలేదు. "లెమ్యుయెల్ గారు బలపరిచారు. రాసేశానండీ," అంది.

ఇక ఓటు పెట్టక తప్పలేదు. సభ్యుల్లో ఇద్దరి పేటల్లోనూ కొళాయిల్లేవు. ఊరుకోవడం తేలికే గానీ, సొంత జనం చూస్తుండగా వద్దని చెయ్యెత్తడం కష్టం. ఇద్దరూ ఆటిస్ వైపే ఎత్తారు.

వేసవి చివర్లో మొదటి కొళాయి ఒడెస్సా వాకిట్లో విప్పారు. నీళ్లకి ముందు గొట్టం లోతుగా మూలిగింది.

"ఎప్పుడూ ఆఖర్నే అందుకుంటాడు," అని ఆమె బిందె పెట్టింది. నిండి పొర్లుతుంటే చర్చి పెద్దొకాయన కట్టెయ్యమన్నాడు.

"పొర్లనీ," అంది ఒడెస్సా.