ఐసు తవ్విన పొద్దు

మా ఫ్రిజ్‌కు రోగమొచ్చింది. పై డబ్బల ఐసు గుట్టలెక్క పేరుకుంది, కింద మాత్రం పాలు ఇరిగిపోతున్నయి. మెకానిక్ కిషన్ వచ్చి లోపలి పలక ఇప్పి చూసిండు. "చిన్నమ్మ, ఐసును కరిగించే హీటరు కాలిపోయింది. ఐసు అడ్డంబడి సల్లగాలి కిందికి వస్తలేదు. కొత్తది ఎల్లుండి మంచిర్యాల నుంచి తెస్త. ప్లగ్గు తీసి తలుపు తెరిచిపెట్టుండ్రి, దానంతటదే కరుగుతది. గీకుడు మాత్రం పెట్టుకోకుండ్రి, ఎనుక గ్యాసు పైపున్నది" అని చెప్పి పోయిండు.

గింత సాఫ్ చెప్పినంక ఎవలన్న ముడతరా? మా ఆయన ముట్టిండు. పేరు రాజం, ముప్పై ఆరేండ్లు బొగ్గుబాయిల డ్యూటీ చేసి రిటైరైండు. "బొగ్గు తవ్వినోన్ని, నాకు గీ ఐసొక లెక్కనా" అని తెల్లారి స్క్రూడ్రైవరు పట్టిండు. నోరు నొచ్చేదాక మొత్తుకున్న. నా మాట ఎన్నడిన్నడని?

సుయ్యిమని సప్పుడైంది. పైపుకు పొక్క పడ్డది.

ఆయన మొకంల నెత్తురు లేదు. బాయిల గ్యాసు మనుషులను ఎట్ల మింగుతదో కండ్లార చూసినోడు. "గ్యాసు పైకప్పుకు పోతది. కింద కూసో, లెవ్వకు" అని, మూడేండ్ల మనుమరాలు దీపను గుంజి చాప మీద కూసోబెట్టిండు. తను స్టూలెక్కి పై కిటికీ తెరిచిండు. నేనూ పిల్ల పక్కన కూలబడ్డ. బాయిల గ్యాసు పైనే ఉంటదని పెండ్లయిన కాన్నుంచి ఇంటున్న, నమ్మక ఏం జేస్త? ఎనుక గడపవతల బొగ్గుల పొయ్యి మీద తానాల నీళ్లు కాగుతున్నయి.

కిషన్‌కు ఫోన్ చేసిన. వాడు సగం ఇన్నడో లేదో, "చిన్నమ్మ, లేవుండ్రి. గిది బాయి గ్యాసు కాదు, నేల మీదనే పారుతది, అంటుకుంటది. ఇంట్ల పొయ్యి గిట్ల ఎలుగుతున్నదా?" అన్నడు.

పొయ్యి. పిల్లను సంకనేసుకొని, ఆయన చెయ్యి గుంజుకుంట ముందటి తలుపు దిక్కు ఉరికిన. గడప దాటుడు, ఎనుక బుస్సుమనుడు ఒక్కపారే. నీలిమంట ఎనుక గడప మీదికెల్లి నేల పొంటి ఉరికొచ్చి, ఫ్రిజ్ దాక పోయి ఆరింది. కన్ను మూసి తెరిచేలోపట అయిపోయింది. చాప మాత్రం కాలుతున్నది.

దీపకు ఒక్క ఎంట్రుక గూడ కమలలే. నా మెడ గట్టిగ పట్టుకొని ఉన్నది. వాడోళ్లు వచ్చి చాప మీద నీళ్లు గుమ్మరిచ్చిండ్రు. ఆయనను కడిగి పారేద్దామని నోరు తెరిచిన. ఆయన ఆ మాడిన చాపనే చూస్తుండు.

"నేనే కూసోబెట్టిన సారవ్వా" అన్నడు.

నెల దాటింది. కొత్త ఫ్రిజ్ వచ్చింది. "తాతా, ఎత్తుకో" అని పిల్ల దగ్గరికి పోతే, ఆయన రెండు చేతులు ఎనుకకు పెట్టుకుంటడు.