సగం నిండిన తొట్టి

కనకరాజు వేలి కణుపుతో తొట్టి గోడను కిందినుంచి పైకి తట్టుకుంటూ వస్తున్నాడు. నీళ్లున్నంత మేరా శబ్దం మొద్దుగా ఉంటుంది, లేనిచోట ఖంగుమంటుంది. ఈ ఉదయం అంచుదాకా మొద్దుగానే పలికింది. మూత తీసి, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కలంలాంటి మీటరు కొనను నీళ్లలో ముంచాడు. చిన్న తెరమీద మూడు సున్నాలు వచ్చాయి. ఏలూరు బోరునీళ్లలోని ఉప్పూ సున్నమూ రాత్రంతా వడపోత గొట్టాల్లో ఆగిపోగా, నాలుగు వందల లీటర్ల వట్టి నీరు మిగిలింది. ఆ నీటితో కడిగిన అద్దాన్ని తుడవక్కరలేదు. మచ్చ పడకుండా దానంతటదే ఆరుతుంది.

తొట్టి నిండుగా ఉంది కనుక అతడికి ఇప్పుడు భయం లేదు. భయం మధ్యాహ్నం మొదలవుతుంది.

భార్య సుగుణ వచ్చి వ్యాను ముందు నిమ్మకాయల దండ కట్టింది. పాత దండ ఇంకా వాడనే లేదు.

"రాత్రి మళ్లీ ఉలిక్కిపడి లేచారు. ఎవరి కన్నో పడిందండీ మనమీద."

"ఒక్కో నిమ్మకాయ ఎంత బరువుంటుందంటావు?"

"మీకన్నీ వెటకారమే. కట్టనివ్వండి, పోయేదేముంది?"

అతడు కట్టనిచ్చాడు. నిమ్మకాయలతో అతడికి తగవు లేదు. తనను భయపెడుతున్నది కన్నూ కాదు, గ్రహమూ కాదు, సీటు వెనక ఉన్న బరువు. ఆ మాట భార్యతో చెప్పలేకపోవడానికి కారణం ఒకటే. ఆ తొట్టి చేసినవాడు ఆమె అన్న.

మల్లేశ్వరరావుకు ఆకివీడులో వెల్డింగు షెడ్డు ఉంది. కలిదిండి, కైకలూరు చెరువులకు చేపపిల్లల్ని మోసే తొట్లు ముప్ఫై ఏళ్లుగా అతడే చేస్తున్నాడు. కనకరాజు విజయవాడలో ఇరవై రెండేళ్లు తాళ్లకు వేలాడి మేడల అద్దాలు తుడిచి, మోకాళ్లు సహకరించక సొంతూరు చేరినప్పుడు, బావమరిదే ఆదుకున్నాడు. పాత వ్యాను వెనక సీట్లు పీకించి, రేకుతో ఈ తొట్టి చేసి, నాలుగు గొలుసులూ నాలుగు కొక్కేలూ వేసి నిలబెట్టాడు. చెరువులకు మందు కొట్టే మోటారు బిగించాడు. ఇక తాళ్లు ఎక్కే పని లేదు. పొడవాటి ఫైబరు గెడ చివర బ్రష్, అందులోంచి నీళ్లు. నేలమీద నిలబడి నాలుగో అంతస్తు కడగవచ్చు. మూడేళ్లు అలాగే గడిచాయి.

తొమ్మిది రోజుల కిందట గుండుగొలను దగ్గర కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. వ్యాను ఆగింది. ఆగిన తరవాత, 'ఒకటి' అనుకునేంత వ్యవధిలో, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు సీటు ముందుకు వచ్చింది. దిగి చూస్తే రెండు కొక్కేలు ఊడి ఉన్నాయి. తొట్టి జానెడు ముందుకు జరిగి ఉంది. అప్పుడు అందులో ఉన్నవి సగం నీళ్లే.

అప్పటినుంచి అతడు లెక్కపెడుతున్నాడు. నిండు తొట్టి బరువైనదే, కాని దాన్లోని నీరు దిమ్మలాగా ఒకేచోట ఉంటుంది. సగం తొట్టిలో నీటికి పరుగెత్తడానికి చోటుంటుంది. బండి ఆగిన క్షణంలో ఆ రెండు వందల కిలోలు వెనకనుంచి ముందుకు పరుగెత్తి గోడను గుద్దుతాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ 'ఒకటి' అనుకుంటాడు. అనుకోగానే వీపుకు ఆ తోపుడు తగులుతుంది. ఒక్కసారి కూడా తప్పలేదు. అన్నేళ్లూ తాడుమీద అతడికి ఎదురుగా ఉన్న భయం, నేలకు దిగాక వీపు వెనక్కి చేరింది.

దానికి తోడు హేమంత్‌కుమార్ ఒకడు. విజయవాడలో రెడీమేడు తొట్లు అమ్మే మనిషి. వాళ్ల తొట్టికి లోపల అడ్డుపలకలు ఉంటాయి, చట్రాన్ని బండి అడుగుకు బోల్టులతో బిగిస్తారు. ఆ ధరకు ఇంకో పాత వ్యాను వస్తుంది. పోయిన వారం అతడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఇంట్లో చేసుకున్న తొట్టి, డ్రైవరు సీటులో బొమ్మ, ఎదురుగా గోడ. కనకరాజు దాన్ని ఒక్కసారే చూశాడు. కాని రోజూ తెల్లవారుజామున అది దానంతటదే మళ్లీ మొదలవుతోంది.

తాడేపల్లిగూడెంలో బట్టల షోరూము ముందు గెడ విప్పుతుండగా హేమంత్‌కుమార్ ఫోను చేశాడు.

"రాజుగారూ, సాయంత్రంలోగా ఒక మాట చెప్పేయండి. పీసు ఒక్కటే ఉందండి."

"ఈవేళే చెబుతానండి."

"పోయినసారీ ఈవేళే అన్నారు. మీ బావమరిదిగారు తిడతారనాండీ?"

కనకరాజు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

పని మధ్యాహ్నందాకా పట్టింది. మెడ వెనక్కి వంచి, కళ్లు చికిలించి, గెడను గుండెకు ఆనించి అంగుళం అంగుళం కడిగాడు. నీళ్లు మోచేతులమీదుగా చొక్కాలోకి దిగాయి. యాభై నాలుగేళ్ల మనిషి, సన్నని మెడ, రెండు అరచేతుల్లోనూ తాళ్లు కాయించిన కాయలు. దారిన పోయేవాళ్లు అద్దంలో తమ జుట్టు చూసుకున్నారు గాని అతడిని చూడలేదు. శుభ్రంగా ఉన్న అద్దం కనబడదు. కడిగినవాడు అంతకన్నా కనబడడు. షోరూములో పనిచేసే చాందిని ఒక్కతే బయటికి వచ్చి తలెత్తి చూసింది.

"బాబాయ్, కుడి మూల మచ్చ ఉండిపోయిందండీ!"

"అది లోపలి మచ్చమ్మా. మీ వాటా."

తొట్టి గోడ తట్టి చూశాడు. సరిగ్గా నడుం దగ్గర శబ్దం మారింది. సగం.

గణపవరం మీదుగా ఆకివీడు వెళ్లే దారంతా ముప్ఫై దాటకుండా నడిపాడు. వెనక లారీలు హారన్లు మోగించాయి. గేదెలు కనబడితే అరఫర్లాంగు ముందే కాలు తీశాడు. అయినా వెనక నీళ్లు గుబుక్కుమంటూనే ఉన్నాయి. ప్రతి వంతెన దగ్గరా పెదవులు కదిలాయి: ఒకటి. ఒకటి. బావమరిదితో చెప్పవలసిన మాటలు కూర్చుకోబోయేవాడు, ఆ తోపుడుకు అవి చెదిరిపోయేవి.

షెడ్డులో మల్లేశ్వరరావు కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి ఆదరంగా చూశాడు.

"ఏం బావా, మొహం అలా ఉంది? మా చెల్లి వంట మానేసిందా?"

కనకరాజు కూర్చోలేదు. "బావగారూ, ఆ విజయవాడ తొట్టి కొందామనుకుంటున్నానండి" అన్నాడు ఒక్క ఊపిరిలో.

గ్రైండరు ఆగింది. "నాదానికేమొచ్చింది? చిల్లా? తుప్పా?"

"భయం వేస్తోందండి."

"భయమా? నలభై వేల పిల్లలతో నా తొట్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. ఒక్క పిల్లకి దెబ్బ తగల్లేదు. నువ్వు పిల్లకన్నా సుకుమారమా?"

"ఒక్కసారి పక్కన కూర్చోండి. అంతే."

మల్లేశ్వరరావు గొణుక్కుంటూనే ఎక్కాడు. ఖాళీ రోడ్డుమీద కనకరాజు నలభైకి తీసుకువెళ్లి బ్రేకు వేశాడు. 'ఒకటి' అన్నాడు పైకే. సీట్లు రెండూ ముందుకు వచ్చాయి. మల్లేశ్వరరావు రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. తరవాత వెనక్కి తిరిగి తొట్టి వంక చూశాడు.

"పిల్లల తొట్టిలో అడ్డుపలకలు పెట్టం బావా. కొట్టుకుని చస్తాయి. నీళ్లు ఊగాలి, ఊగితేనే వాటికి గాలి. గట్టుమీద చటుక్కున దింపాలని కొక్కేలు. దారిలో నీళ్లు తగ్గవు, ఎత్తినంత నిండుగానే దింపుతాం." గొంతు తగ్గించాడు. "నీ దాంట్లో పిల్లలు లేవు కదా. నా చెయ్యి ఆ సంగతి మర్చిపోయింది."

"మీ తప్పనడానికి రాలేదండి."

"తప్పే. నువ్వు విజయవాడది కొనేసుకో. సుగుణకి నేను చెబుతాను."

ఆ మాట వినగానే కనకరాజు గుండెలోంచి తొమ్మిది రోజుల బరువు దిగిపోయింది. తనది వట్టి పిరికితనం కాదని లోకంలో మరొకరికి తెలిసింది. ఆ ఆనందంలోనే "ఎందుకండీ? మీరు పలకలు వెయ్యండి, బోల్టులు బిగించండి. నాకదే చాలు" అన్నాడు. హేమంత్‌కుమార్‌కు అక్కడినుంచే ఫోను చేసి, వద్దని మర్యాదగా చెప్పాడు. భయం చెప్పుకుంటే తగ్గుతుంది. ప్రమాదం చెప్పుకుంటే తగ్గదు. రెండూ వేరని అతడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ సాయంత్రం మాత్రం గుర్తు రాలేదు.

మల్లేశ్వరరావు తొట్టి లోపలి కొలతలు తీసుకుని, సుద్దతో రేకుమీద రాసుకున్నాడు. తరవాత అడుగు కుళాయిమీద చెయ్యి వేశాడు. "నీళ్లు వదిలేసి వెళ్లు."

"అయ్యో, వద్దండి! సగం రాత్రి పట్టింది ఇంత నీరు దిగడానికి. పొద్దున్నే ఏలూరులో ఆసుపత్రి అద్దాలున్నాయి, వాటికి సరిపోతాయి. అది కానిచ్చి, మధ్యాహ్నానికి ఖాళీ తొట్టితో వచ్చేస్తా."

"కొత్త నీళ్లు పట్టుకోవచ్చుగా?"

"సున్నాలండి, మూడు సున్నాలు. పారబోయబుద్ధి కాదు."

మల్లేశ్వరరావు కుళాయిమీదినుంచి చెయ్యి తీశాడు. నాలుగు కొక్కేలకూ బైండింగు తీగ రెండేసి చుట్లు చుట్టి, పటకారుతో మెలితిప్పాడు. "మెల్లిగా పో" అన్నాడు. కనకరాజు చాలా రోజుల తరవాత నవ్వాడు.

తరవాతి సంగతి చెప్పింది మార్తమ్మ. కైకలూరు దాటాక కొల్లేటి రోడ్డు మలుపు దగ్గర, ఇంకా వెలుగుండగానే, రొయ్యల షెడ్డునుంచి ఆడవాళ్లతో ఆటో వెళుతోంది. ఆమె వెనక వైపు తిరిగి, కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చుంది. చేతిలోని అన్నం క్యారియరు జారి రోడ్డుమీద పడింది. ఆపమని అరిచింది. ఆటో ఆగింది. వెనకే వస్తున్న వ్యాను కూడా ఆగింది. చేపల లారీల నీళ్లతో తడిసిన రోడ్డుమీద కూడా చక్కగా, ఆటోకు రెండు బారల దూరంలో ఆగింది. డ్రైవరు క్షేమంగా ఉన్నాడనీ, తనవైపే చూస్తున్నాడనీ, అతడి పెదవులు ఏదో ఒక్క మాట అన్నాయనీ ఆమె పోలీసులకు చెప్పింది. ఆ తరవాతే బండి లోపలినుంచి చప్పుడు వచ్చిందని, దేనికీ గుద్దుకోని బండిలో మనిషి ఎలా పోతాడని, అడిగినవాళ్లందరినీ తిరిగి అడిగింది. కొందరు అది ఆ మలుపు మహిమ అన్నారు. వ్యాను ముందు నిమ్మకాయలు ఒక్కటి కూడా చితకలేదు.

ఫోను వచ్చేసరికి మల్లేశ్వరరావు షెడ్డులోనే ఉన్నాడు. రేపటిదాకా ఆగలేక అప్పటికే పలకల పని మొదలుపెట్టాడు. గ్రైండరు ఆపకుండానే లేచి వెళ్లిపోయాడు. పక్క కొట్టువాళ్లు వచ్చి ఆపారు.

గోడకు మూడు పలకలు ఆనించి ఉన్నాయి. వాటిమీద సుద్దతో 'బావ' అని రాసి ఉంది. నీళ్లు మెల్లగా దాటడానికి ఒక్కో పలకకు నాలుగు చిల్లులు. ఆ చిల్లుల అంచులన్నీ, ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ, చేపపిల్ల ఒరుసుకున్నా గీరుకోనంత నున్నగా అరగదీసి ఉన్నాయి.