ముప్పై ఒకటో పని

"నీకు డ్యూటీ చార్టులు వెయ్యడం అలవాటే కదా, పెళ్లి పనుల లిస్టు కూడా నువ్వే చూసుకో" అన్నాడు నేను చేసుకోబోయే అతను, నిశ్చితార్థమైన మూడో రోజు. నిజమే, అలవాటే. ఆస్పత్రిలో పద్దెనిమిది మంది నర్సులకి ఎవరు ఏ పూట రావాలో, ఎవరికి ఎప్పుడు సెలవో ప్రతి నెలా చార్టు వేసేది నేనే. మా వార్డులో ఒక పద్ధతుంది. ఎదురుగా పేరు పడని పనల్లా ఇన్‌ఛార్జి నెత్తిన పడుతుంది. ఇన్‌ఛార్జిని నేనే. ఆ పద్ధతిని తెలియకుండానే ఇంటికి పట్టుకొచ్చేశాను. "ఎవరు చూస్తారు" అని ఒక గడి గీసి, ఖాళీగా వదిలి, ఎవరికి వీలైనవి వాళ్లు రాసుకోమని రెండిళ్లకీ పంపాను. ఒక్కరూ రాయలేదు. మర్నాటి నుంచి అందరూ నన్నే అడగడం మొదలుపెట్టారు. హాలు చూశావా, ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడావా, కార్డు మీద అక్షరాలు ఏ రంగు అని.

అతను చెడ్డవాడు కాడు. అదే నాకొచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాకు జ్వరమొస్తే డ్యూటీ దిగే వేళకి వచ్చి గేటు దగ్గర నిలబడ్డ మనిషి. ప్రతిదానికీ "నీకేది నచ్చితే అదే" అంటాడు. వినడానికి ఎంత బాగుంటుందో. రెండు వారాలు విన్నాక, నచ్చడం కూడా నా డ్యూటీలోనే పడిందని అర్థమైంది. నేను సంతోషంగా ఉన్నానా, అలిసిపోయానా? పొద్దున ఒకలా అనిపిస్తుంది, సాయంత్రానికి ఇంకోలా. అమ్మనడిగితే "పెళ్లికి ముందు ఎవరికైనా అంతేనే, పిచ్చి ఆలోచనలు మాను" అంది, అన్నయ్య చొక్కాలు మడత పెడుతూ.

నిన్న కాబోయే అత్తగారు తన లిస్టు ఫొటోలు తీసి పంపారు. చేత్తో రాసిన నాలుగు పేజీలు. "కాస్త టైపు చేసి అందరికీ పంపమ్మా, నీ చెయ్యి వేగం" అన్నారు. ఇవాళ మధ్యాహ్నం వార్డు పక్కగదిలో అన్నం డబ్బా ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. ముప్పై ఒకటో పని కూడా అదే వేగంతో టైపు చేసేసి, ముప్పై రెండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. "అమ్మాయి ఉద్యోగం మానిపించే సంగతి." ఎదురుగా, ఎవరు చూస్తారు అన్నచోట, "అబ్బాయి." కుర్చీలకీ చుట్టాల బస్సుకీ మధ్యన. నాలుగు పేజీల్లో అతని పేరు పడ్డ పని అదొక్కటే.

అతనికి ఫోన్ చేసి ఆ లైను చదివి వినిపించాను.

"అమ్మ ఏదో రాసుంటుందిలే. నేనింకా ఏ లిస్టూ చూడలేదు, ఆఫీసులో ఊపిరాడట్లేదు."

"మానిపిస్తావా?"

"అబ్బా, అవన్నీ ఇప్పుడెందుకు? పెళ్లయ్యాక చూద్దాం" అన్నాడు, ఎంతో మెత్తగా.

చూద్దాం అంటే అవునో కాదో నాకు తెలియలేదు. కోపం రావాలి. వచ్చిందో లేదో కూడా తెలియలేదు. పదకొండేళ్లుగా ఈ వార్డులో నా మాట మీద పని నడుస్తోంది. అది నాకు ఇష్టం. ఆ సంగతి పైకి ఎప్పుడూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు.

ముప్పై ఒకటో పనిలో అమ్మాయి అన్నచోట అబ్బాయి అనీ, అబ్బాయి అన్నచోట అమ్మాయి అనీ మార్చి రెండిళ్లకీ పంపేశాను.

డబ్బాకి మూత పెట్టేలోగా ఫోన్ మోగింది. రెండు వారాలుగా లిస్టు చూసే తీరిక లేని మనిషి.

"ముప్పై ఒకటి తప్పు టైపు చేశావు, చూసుకున్నావా?"

"తప్పు కాదు. కావాలనే అలా రాశాను."

"నా ఉద్యోగం సంగతి నన్నడక్కుండా ఎలా రాస్తావు?"

తనన్న మాట తనకి వినపడుతుందేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. వినపడకపోతే ఈ పెళ్లి చేసుకోను. ఇన్నాళ్ల అయోమయంలో ఆ ఒక్కటే నాకు తేలింది.