అది దుప్పటి కాదు

మా అమ్మ మొగిలమ్మకు సిగ్గు లేదని మా అత్తగారింట్లో తేల్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, మాఘమాసం, ఆదివారం. ఆ మాట పైకి ఎవరూ అనలేదు. అనకుండానే ఎలా తేల్చాలో మర్యాదస్థులకు బాగా తెలుసు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది తొర్రూరు పక్కన పల్లె. వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం ఉన్న సారంగపాణికి నన్నిచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఇంట్లో మా ఆయన, అత్త భద్రమ్మ, కాలేజీలో చదివే ఆడబిడ్డ భారతి, నేను. ఆ నాలుగేళ్ళలో నా నడక, నా మాట, నా కట్టు అన్నీ మారిపోయాయి. ఎవరూ కొట్టి మార్చలేదు. నవ్వి మార్చారు.

మా అమ్మకు వరంగల్ కొత్త కాదు. ఇరవై ఏళ్ళు ఏటా పత్తి బండి మీద వచ్చింది. మా నాయన పోయాక కూడా రెండేళ్ళు తనే బండి తోలుకొచ్చింది. కానీ ఆమె చూసిన వరంగల్ అంటే మార్కెట్ ఒక్కటే. బండి కింద పడుకుని పత్తికి కావలి కాయడం, అమ్ముడుపోగానే ఎడ్లను కట్టుకుని ఊరి దారి పట్టడం. బండి కింద పడుకుంటే దూరంగా కోటలోని గుట్ట కనబడేదట, ఒకే రాయిలా ఇంత ఎత్తున.

"ఇరవై ఏండ్లు గుట్టను కిందికెల్లి సూసిన బిడ్డా. ఒక్కసారి గుట్ట మీదికెల్లి నేను పండుకున్న జాగ సూడాలె," అనేది. అంతకు మించి ఆమె నన్ను ఏనాడూ ఏమీ అడగలేదు.

ఆ ఏడు పత్తి తీతలు అయ్యాక వచ్చింది. కోటకు పోవడం కోసమే కొత్త చీర నేయించుకుంది. ముదురు ఎరుపు, పసుపు అంచు, ఎనిమిది గజాలు, ముతక నూలు. రెండు నెలలు పెట్టెలో దాచి, వేపాకు వేసి తెచ్చింది. ఆదివారం తెల్లవారుజామునే స్నానం చేసి ఆ చీర గోచి పెట్టి కట్టుకుని, తలకు నూనె రాసుకుని వాకిట్లో నిలబడింది. గోచి కట్టులో మా అమ్మ నిలబడితే ఎవరో పని పురమాయించడానికి వచ్చిన పెద్దమనిషిలా ఉంటుంది.

భారతి బయటికొచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, ఇది చీరనా, దుప్పటా?"

అమ్మ కూడా నవ్వింది. "రెండు తీర్లా పనికొస్తది బిడ్డా."

మా అత్త నవ్వలేదు. "వదినె, ఏమనుకోకు. ఊర్లె పొలం కాడ ఏం కట్టినా నడుస్తది. ఇది సిటీ. గుళ్ళకు పోతానం, కోటకు పోతానం. పిక్కలు కనబడంగ, ఎనుక గోసి కనబడంగ ఎట్ల నడుస్తవు? సూసెటోల్లు ఏమంటరు?"

"ఏమంటరు?" అంది అమ్మ. ఆమెకు నిజంగానే తెలియదు.

మా ఆయన బూట్లకు లేసులు కట్టుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు. "ఆదివారం కోటల అందరు మన గిరాకీలే ఉంటరు అత్తమ్మా. బట్టల దుకాణపోల్ల సుట్టం గిట్లనా కట్టేది అంటరు. మన పరువు గూడ జర సూడాలె గద."

భారతి లోపలికి పోయి ఒక నైలెక్స్ చీర తెచ్చింది. లేత ఊదా మీద తెల్ల పూలు, మా దుకాణంలో ఆ ఏడు బాగా పోయిన రకం. ఎండకెదురుగా పట్టుకుంటే అవతల ఉన్న మనిషి మొహం కనబడుతుంది. వెలుతురు దాటిపోయే ఆ చీర మర్యాద అట. వాన చినుకు కూడా దిగని మా అమ్మ చీర సిగ్గుమాలినదట. దీని మీద ఆ రోజు ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

అమ్మ నా వైపు చూసింది. ఇంకెవరి వైపు చూస్తుంది?

"ఒక్క పూటనే కదనే అమ్మా," అన్నాను. "కట్టుకోరాదు."

ఆమె నా వెంట గదిలోకి వచ్చింది. నేను లోపలి లంగా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది.

"లంగనా? నేను సమర్తాడినంక మల్ల లంగ ముట్టలే. ఈ ఈడుల పోరగాండ్ల లెక్క లంగ తొడుక్కోవాల్నా?"

"అందరు తొడుక్కుంటరు. చీర కింద కనబడదు."

"కనబడకున్నా నాకు తెలుస్తది గద."

తొడుక్కుంది. నేను కుచ్చిళ్ళు పెట్టి దోపాను. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కాళ్ళ మధ్య గాలి తగులుతోందట, ఏమీ కట్టుకోనట్టే ఉందట. యాభై ఏళ్ళ మనిషి, పదిమంది మగవాళ్ళ మధ్య నాట్లు వేసిన మనిషి, నా పెళ్ళిలో అందరి ముందూ గొంతెత్తి బేరమాడిన మనిషి, నా గదిలో గోడకు ఆనుకుని రెండు చేతులతో చీర అదిమి పట్టుకుని నిలబడింది. సిగ్గుతో. ఆమెకు సిగ్గు నేర్పుతామని బయలుదేరిన వాళ్ళం కదా, ముందు ఆమె సిగ్గే తీశాం.

ఇక్కడ ఒక సంగతి దాచేద్దామనిపిస్తోంది. దాచను. బయట రిక్షాలు వచ్చి నిలబడ్డాయి. పులిహోర డబ్బా, పెరుగన్నం గిన్నె సర్దుతూ భారతి కేకేసింది, "వదినె, కింద పరుసుకోను ఏదన్న దుప్పటి పట్టుకరా!" ఉతికిన దుప్పట్లు పైన పెట్టెలో ఉన్నాయి. దండెం మీద అమ్మ విప్పిన చీర ఉంది. మందంగా ఉంది, పెద్దగా ఉంది, చేతికి అందేంత దూరంలో ఉంది. తీసి మడిచి సంచిలో పెట్టాను. తెలియక కాదు. తెలిసే పెట్టాను.

ముందు హనుమకొండలో వేయిస్తంభాల గుడికి పోయాం. రిక్షా ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి అమ్మ కుచ్చిళ్ళు తొక్కుకుంది. నైలెక్స్ కొంగు తల మీద నిలవదు. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో కొంగు పట్టుకుని గుడిలోకి వచ్చింది. గర్భగుడి ముందు అందరం చేతులు జోడించాం. ఆమెకు చేతులు ఖాళీ లేవు. దేవుడి ముందు నిలబడి, దండం పెట్టలేక, ఊరికే తల వంచింది. ఎవరి మర్యాద కోసమో ఒక మనిషి దేవుడికి దండం పెట్టుకోలేకపోయింది. ఇంతకన్నా అన్యాయం నాకు తెలియదు.

"ఇప్పుడు ఎంత మంచిగున్నవు వదినె! అచ్చం సిటీ మనిషి లెక్కున్నవు," అంది మా అత్త. ఆమె నిజంగా మెచ్చుకుంటోంది. అదే నన్ను ఇంకా మండించింది.

కోటకు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. రాతి తోరణాలు, పడిపోయిన స్తంభాలు, వాటి మధ్య జొన్న చేలు. అమ్మ వేటినీ చూడలేదు. గుట్టనే చూసింది. ఆ రోజు మొదటిసారి ఆమె మొహం విప్పారింది. చెప్పులు జారుతాయని కింద విడిచి, మాకంటే ముందే మెట్లెక్కడం మొదలుపెట్టింది. రాతిలో చెక్కిన మెట్లు, నిటారుగా, అరిగి నున్నగా అయినవి. పన్నెండో మెట్టో పదమూడో మెట్టో, చీర అంచు కాలి కింద పడింది. ముందుకు తూలి మోకాలి మీద పడింది. కింద నుంచి ఎవరో కుర్రకారు కిసుక్కున నవ్వారు.

నేను పరుగెత్తి పట్టుకున్నాను. చీర పక్కకు తొలగి, మోకాలి చిప్ప గీసుకుపోయి రక్తం కారుతోంది. మా ఆయన కింద నుంచే, "మెల్లగ దిగు అత్తమ్మా, జర పైలం," అన్నాడు.

"వయసైంది గద వదినె, నీతోని కాదు," అంది మా అత్త. "తిన్నంక మేం ఎక్కొస్తం. నువ్వు కింద్నే కూసో, చెప్పులు సూసుకుంట."

ఊర్లో నడుము మీద ఒక బిందె, నెత్తి మీద ఒక బిందె పెట్టుకుని చెరువు కట్ట ఎక్కే మనిషికి వయసైందట! కాళ్ళకు బంధం వేసింది మేం, పడింది ఆమె, తప్పు ఆమె వయసుది.

రాయి చాటుకు తీసుకుపోయి చెంబు నీళ్ళతో మోకాలు కడిగాను. ఆమె నొప్పి అనలేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని, ఆ నైలెక్స్ కుచ్చిళ్ళు లాగేసి గోచి పెట్టడానికి చూసింది. వెనక్కి తీస్తే కొంగు చాలదు, కొంగు వేసుకుంటే గోచి చాలదు. రెండుసార్లు చూసి వదిలేసింది.

"రెండు గజాలు తక్కువ పడ్డది బిడ్డా. గీ చీరలు ఆడోల్లు గుట్టలెక్కకుండనే కోసిండ్రు."

మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టాను. నా చేతులు చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"నా చీర ఇంట్ల దండెం మీదనే ఉన్నదా?"

నేను చెంబు తీసుకుని లేచాను. అవతల ఏం పరిచారో నాకు తెలుసు. పది అడుగుల్లో ఆమెకూ తెలుస్తుందని తెలుసు.

చింతచెట్టు నీడలో మా వాళ్ళు ముగ్గురూ కూర్చుని ఉన్నారు, పులిహోర ముందు పెట్టుకుని. కింద ముదురు ఎరుపు, పసుపు అంచు. మా ఆయన బూట్ల కాళ్ళు అంచు మీద ఉన్నాయి. పెరుగన్నం గిన్నె కింద తడి మరక.

అమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"లేవుండ్రి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "కూసో అత్తమ్మా, నువ్వు గూడ తిను," అంది భారతి పక్కకు జరుగుతూ.

"జర లేవుండ్రి. అది దుప్పటి గాదు."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "తినంగ తినంగ లేపుతవా అత్తమ్మా? ఇంటికి పోయినంక ఉతికిస్తం గద."

"మన్నుల కూసోని తిను అల్లుడా. ఏం గాదు. ఇరవై ఏండ్లు గీ వరంగల్లనే మేం మన్నుల కూసోని తిన్నం."

ఆమె గొంతు పెంచలేదు. కానీ ముగ్గురూ లేచారు. డబ్బాలు, గిన్నెలు ఒక్కొక్కటీ తనే తీసి పక్కన రాయి మీద పెట్టింది, ఒక్క మెతుకు పారబోయకుండా. చీర ఎత్తి దులిపింది. పసుపు మరక, పెరుగు మరక, బూటు అచ్చు. దాన్ని పట్టుకుని మా నలుగురినీ చూసింది.

"ఎవ్వలు తెచ్చిండ్రు?"

"వదినెనే తెచ్చింది," అంది భారతి.

అమ్మ నా వైపు చూసింది. పొద్దున చూసినట్టే చూసింది.

రాయి చాటుకు పోయింది. ఎంతోసేపు పట్టలేదు, ఆ కట్టు ఆమె చేతులకు తెలిసినదే. గోచి బిగించి, కొంగు నడుముకు చుట్టి దోపుకుని వచ్చింది. నైలెక్స్ చీర, లంగా చక్కగా మడత పెట్టి మా అత్త చేతుల్లో పెట్టింది.

"నీ చీర మంచిగున్నది వదినె. మరక పడలే, సూసుకో."

మా అత్త మొహం పక్కకు తిప్పుకుంది, పిక్కలు చూడకూడదని. కోటలో ఉన్న ఆ జనంలో ఇంకెవరూ మొహం తిప్పుకోలేదు. అసలు ఎవరూ పట్టించుకోలేదు. గిరాకీలు లేరు, పరువు పోలేదు, ఆకాశం విరిగి పడలేదు. రేగుపండ్ల గంప పెట్టుకుని కూర్చున్న ఒకామె మాత్రం, తనూ గోచి కట్టే, "పైన గాలి మస్తుగున్నది అక్కా, పో," అంది.

అమ్మ ఎక్కింది. రెండేసి మెట్లు ఒక్క అంగలో. రక్తం గడ్డకట్టిన మోకాలితో, రెండు చేతులూ ఊపుకుంటూ. నేనూ లేచి రెండడుగులు వేశాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు మా ఆయన. "చాలదా ఇప్పటికి?"

ఆగాను. అమ్మ పైనుంచి నన్ను పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. చెప్పుల పక్కన మట్టిలో కూర్చున్నాను.

కాసేపటికి గుట్ట మీద ఎర్రగా చీర కనబడింది. చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని మార్కెట్ వైపు వెతుకుతోంది. ఉన్నట్టుండి చెయ్యి చాపి ఎటో చూపించి గట్టిగా ఏదో అరిచింది. గాలికి మాట వినబడలేదు. ఆ జాగా దొరికిందని నాకు తెలిసింది. ఆ వేలు ఎటు చూపించిందో చూడటానికి పక్కన నేను లేను. అందుకు మా అత్తను తిట్టుకున్నాను, మా ఆయనను తిట్టుకున్నాను, భారతిని తిట్టుకున్నాను. ముగ్గురినీ తిట్టినా కోపం చల్లారలేదు. చీర తీసింది నా చెయ్యి.

మరునాడు పొద్దున తొర్రూరు బస్సు కోసం నిలబడ్డాం. అదే చీర, అవే మరకలు. గోచి కట్టే. రాత్రి ఉతుకుతానంటే విప్పి ఇవ్వలేదు.

"ఇంకో రెండ్రోజులుండు అమ్మా. ఆ చీర నేను మంచిగ ఉతికిస్త," అని బతిమాలాను.

అమ్మ నా తల నిమిరింది. కోపంగా లేదు, అదే నా కర్మ.

"వద్దు బిడ్డా. నువ్వు ఉతికితే దుప్పటి ఉతికినట్టే ఉతుకుతవు."

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. ఏమీ పట్టుకోకుండా ఒక్క అంగలో ఎక్కేసింది.