శాంక్షన్ వచ్చింది

అట్టపెట్టె మీద అక్షరాలు కోసిన రేకు పెట్టి, అంచును ఎడమ బొటనవేలితో అదిమి, రంగనాథం నల్లరంగు కుంచెతో పొడిచి పొడిచి అద్దాడు. రేకు లేపితే పదకొండు ఇంగ్లీషు అక్షరాలు. బందర్ అబ్బాస్. ఇరాన్ రేవు పేరు. ఆయనకు ఏ భాషా చదవడం రాదు. చివరి అక్షరం వానపాములా వంకర తిరిగి ఉంటుంది. అది కుడివైపు రావాలి. అంతే తెలుసు. ఒక్కసారీ తలకిందులు పెట్టలేదు.

మూలకుళం ఊరి చివర ఆ మందుల కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు కూలీ. కుంచె పట్టి పట్టి కుడిభుజం కిందికి జారింది. గోళ్ల చుట్టూ ఇంకిన నలుపు కూతురి పెళ్లినాడు కిరసనాయిలుతో రుద్దినా పోలేదు. పర్మనెంటు చేయమని ఏటేటా రాయించిన అర్జీకి ఒకటే జవాబు: శాంక్షన్ రావాలి.

పదింటికి సూపర్‌వైజర్ సుధాకరన్ ఫోన్లో అరవడం కిటికీలోంచి వినిపించింది. "శాంక్షన్ వచ్చేసింది సార్! పొద్దున్నే!"

కుంచె ఆగింది. రంగనాథం సైకిలెక్కి వెళ్లి మైసూర్‌పాక్ పొట్లం తెచ్చాడు. మాత్రల అట్టలు సర్దే ధనభాగ్యానికి మొదట పెట్టాడు.

"ఏంది మామా, మళ్లా పెండ్లా?"

"శాంక్షన్ వచ్చిందమ్మే, నాకు. తిను."

అందరూ తిన్నారు. సుధాకరన్ కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నాకే ఎందుకని అడిగాడు. విని నమలడం ఆపేశాడు.

"అన్నా, అది నీ శాంక్షన్ కాదు. ఇరాన్ మీద పెద్ద దేశాలు ఏసింది. తడై, అంటే అడ్డు. ఎవురూ యాపారం చెయ్యకూడదని."

"శాంక్షనంటే ఇచ్చేది గదయ్యా?"

"మనకాడ ఇచ్చేది. వాళ్లకాడ ఆపేది."

"మనం పంపేది గుండెమాత్రలే గదా!" అంది ధనభాగ్యం.

"మందులకు తడై లేదంట. ఆ దేశం డబ్బు మాత్రం ఏ బ్యాంకూ ముట్టదంట."

"ముందు ఏసినప్పుడు ఆరునెలలు మాకు పనిల్యా. ఆ దేశాన్నేలే పెద్దోళ్లు అప్పుడు దిగొచ్చినారా?" ధనభాగ్యమే మళ్లీ అడిగింది.

"యాడ? టీవీలో చూస్తానే ఉండావు గదా."

"మరి ఎవురికంట శిచ్చ?"

ఇరాన్ సరుకు చూసే కాంట్రాక్టు మనుషులు రేపట్నుంచి రానక్కర్లేదన్న కాగితం సుధాకరన్ జేబులోనే ఉంది. తీసి చదివాడు.

ఏలేవాళ్ల మెడలు వంచడానికని వేసిన ఆంక్ష. వాళ్ల మెడలు నిటారుగానే ఉన్నాయి. ఇక్కడ ఒక కూలీ చేతిలో కుంచెను లాక్కుంది. సముద్రం అవతల ఎవరో రోగి చేతిలో మాత్రను లాక్కుంటుంది. పనిచేయదని ఎవరన్నారు? ఇట్లా పనిచేస్తుంది.

రంగనాథం మిగిలిన మూడు పెట్టెలూ ముందుకు లాక్కున్నాడు.

"అవి పోవన్నా," అన్నాడు సుధాకరన్.

"పేరు లేకుండా పెట్టకూడదయ్యా."

రెండింటికి పేరు కొట్టాడు. మూడోదాని మీద రేకు పెట్టి, రంగు అద్ది, కుంచె కడిగి, చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర సైకిల్ గంట ఒకసారి మోగింది.

మైసూర్‌పాక్ పొట్లానికి చీమలు పట్టాయి. ఆఖరి పెట్టె మీద రేకు అట్లాగే ఉండిపోయింది, తలకిందులుగా, వానపాము అక్షరం ఎడమవైపున.