బోణీ పేరు

సువార్త మెట్లు ఎక్కుతూనే ఉంది. ఎక్కిన కొద్దీ కొండ ఇంకొంచెం పైకి జరుగుతోంది, ఎడమ పక్కన ఉండాల్సిన ఇళ్ళు కుడి పక్కకి వచ్చి నిలబడ్డాయి, కింద పారాల్సిన కాలవ తలకి పైన ఎక్కడో గలగలమంటోంది. ఇవేవీ ఆమెకి వింతగా తోచడం లేదు, తోచిందల్లా ఒక్కటే, ఇంత దూరం ఎక్కినా అప్పలనరసమ్మ ఇల్లు ఇంకా రాలేదేమిటని. ఆ ఇల్లు కొండ కింద, మొదటి మెట్టు పక్కనే ఉంటుంది. దాన్ని పైకి ఎక్కి వెతకడం తెలివితక్కువ పనే, కానీ కలలో తెలివి ఎవరికుంటుంది గనక.

వెతకడం మానేద్దామనుకునేసరికి ఇల్లు ఎదురొస్తుంది. గడపలో అప్పలనరసమ్మ, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గ్లాసులోకి టీ వంచుతూ కూర్చుని ఉంది. ఆమె పోయి మూడు నెలలు. పాడె వెనక నడిచిన ఆడవాళ్ళలో సువార్తే ముందుంది. ఆ సంగతి సువార్తకి ఇప్పుడూ గుర్తుంది, కానీ ఎదురుగా కూర్చుని టీ ఇస్తున్న మనిషితో నువ్వు పోయావు కదా అనడం ఏం మర్యాదని ఊరుకుంటుంది.

"ఏటే సువార్తా, ఇంత ఆలిస్యమా? టీ సల్లారిపోతన్నాది."

"మెట్లు కుదురుగా లేవక్కా. ఎక్కుతుంటే జరిగిపోతున్నాయి."

"అవెప్పుడు కుదురుగున్నాయి? పట్టుకోడానికి పక్కన కమ్మీ ఎయ్యమని మనం పెట్టిన అర్జీ ఏడేళ్ళ నుంచీ ఆఫీసులోనే తిరుగుతన్నాది కాదేటి."

అదే గొంతు. శ్రీకాకుళం వైపు నుంచి మేస్త్రి భర్త వెంట బెజవాడ వచ్చి, పాతికేళ్ళు ఇటుకలు మోసినా ఆ యాస మాత్రం వదల్లేదు అప్పలనరసమ్మ. భర్త పోయాక ఊరికి వెళ్ళిపొమ్మని అందరూ అన్నారు, ఆమె వెళ్ళలేదు, కొండ మీది ఆడవాళ్ళని పోగేసి సంఘం పెట్టింది. సంఘమంటే పెద్ద పేరేగానీ ఉన్నది పదకొండు మంది, కూర్చోవడానికి ఒక చాప, రాసుకోవడానికి ఒక రిజిస్టరు. ఆ పదకొండు మందితోనే వీధి దీపాలు వేయించింది, కుళాయి తెప్పించింది. ఏ పని మీద ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చినా ముందు అందరూ ఆమె ఇంట్లో టీ తాగాలి, జాబితాలో మొదట ఆమె పేరు రాసి టిక్కు పెట్టాలి, అప్పుడు గానీ రెండో మెట్టు ఎక్కకూడదు. "నా పేరుతోటి బోణీ సెయ్యండి, పనవ్వకపోతే నన్నడగండి" అనేది. పని అయినా కాకపోయినా పదిహేనేళ్ళు అలాగే బోణీ చేశారు.

"జాబితా ఏదీ, సూపించు," అంటుంది అప్పలనరసమ్మ.

 సువార్త జాబితా ఉన్న ఫైలు కొంగు కింద దాచుకుంటుంది. "తర్వాత చూద్దువులే. పద, ఇళ్ళు తిరిగొద్దాం."

ఇద్దరూ బయల్దేరతారు. అప్పలనరసమ్మ ముందు, సువార్త వెనక, మెట్లు ఇప్పుడు కిందికి దిగుతున్నాయో పైకి ఎక్కుతున్నాయో తెలియదు గానీ ఆయాసం మాత్రం రావడం లేదు, అప్పలనరసమ్మకి అసలే రావడం లేదు, పాపం చివరి రోజుల్లో మూడు మెట్లకోసారి నిలబడే మనిషి. సువార్త మొదటి తలుపు కొడుతుంది. లోపల కుక్కర్ కూత వినిపిస్తోంది, ఎవరో ఎవరినో కసురుకుంటున్నారు, అయినా తలుపు తియ్యరు. రెండో తలుపు కొడుతుంది, మూడోది కొడుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచినవాళ్ళు లోపల ఉన్నారు, వాళ్ళ చెప్పులు బయటే ఉన్నాయి, ఒక్కరూ పలకరు.

"ఏందక్కా ఇట్టా చేస్తున్నారు? వీళ్ళ ఓట్ల కోసమే గదా నేను తిరిగేది."

నిజంగా వాళ్ళ కోసమే తిరిగింది. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడుతుండగా కొండ మీది నూట ఎనభై ఆరు మంది పేర్లు ఒక్క దెబ్బన ఓటర్ల జాబితాలోంచి ఎగిరిపోయాయి. ఎవరో గిట్టనివాళ్ళు వీళ్ళంతా ఇల్లు మారిపోయారని రాసిచ్చారు, ఆఫీసువాళ్ళు కొండెక్కి చూడకుండానే కొట్టేశారు. ఇక్కడే ఉన్నామని మళ్ళీ అర్జీలు రాయించి, ప్రతి పేరు పక్కనా, ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంటున్నారు, నేను చూశాను అని సువార్త సంతకం పెట్టింది. విచారణలో ఒక్క పేరు అబద్ధమని తేలినా చాలు, మొత్తం దొంగ జాబితా అని చెత్తబుట్టలో పడేస్తారు.

"అందులో తొలి పేరెవులిది?" వెనక్కి తిరక్కుండానే అడుగుతుంది అప్పలనరసమ్మ.

సువార్త ఫైలుని కొంగు కింద ఇంకా లోపలికి తోస్తుంది.

"నాదే. నాకు తెల్దనుకున్నావేటి? నాను పోయిన రెండు నెల్లకి నా ఇంటి ముందర నిలబడి, తాళం కప్ప సూస్తా సూస్తా, బోణీ సేసీసినావు. టిక్కు పెట్టి సంతకం కూడా సేసీసినావు."

"అలవాటులో పెట్టానక్కా. మా అమ్మ మీద ఒట్టు. నాలుగిళ్ళు పోయాక గానీ తెలీలేదు."

"మరి తెలిసినాక కొట్టీలేదేం?"

దీనికి జవాబు చెప్పాలంటే ఆగాలి, ఆగుదామంటే అది మెట్టు కాదు, బడిలో బెంచీ. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు, పోలింగు రోజు ఓటెయ్యడానికి పెట్టే అట్టల గది మూలన ఉంది, కొండ మీదివాళ్ళంతా వరసగా గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఎవరి ముఖమూ సరిగ్గా ఆనడం లేదు. సువార్త కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంది. మూడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు గొంతులోంచి దానంతటదే వస్తుంది.

"ఆ రోజు గుండెల్లో మంటగా ఉందన్నావు. సోడా తాగి రా అక్కా, నేనొక్కదాన్నే పోతే ఎవరూ తలుపు తియ్యరు అన్నాను. నువ్వు ఎక్కావు. దిగి సాయంత్రానికి పోయావు. నిన్ను ఒకసారి నేనే చంపాను, మళ్ళీ నా చేత్తో నీ పేరు కూడా ఎట్టా కొట్టెయ్యను?"

 అప్పలనరసమ్మకి ముక్కు మీదికి కోపం వస్తుంది, బతికుండగా వచ్చినట్టే.

"నువ్వు రమ్మంటే ఒచ్చినానా నాను? ఎప్పుడైనా ఒకలి మాట ఇన్నానా? నా ఇంట్లో నాను కూకుని గంజి తాగుతుంటే ఇల్లు మారిపోనానని రాసీసినారు. ఆ కోపంతోటి ఎక్కినాను. నా కోపం నాది. దాన్ని కూడా నువ్వే పట్టుకుపోతావేటే?"

సువార్త ఏడుస్తూనే నవ్వుతుంది. ఈ మనిషి లేకుండా కొండ ఎక్కడం ఎంత కష్టంగా ఉందో చెప్పాలనుకుంటుంది, చెప్తుంది కూడా, "నువ్వు లేకపోతే నా వల్ల కావట్లేదక్కా" అని.

"అవుద్ది. కాకపోయినా ఎక్కు." అప్పలనరసమ్మ సువార్త మోకాలి మీద చెయ్యి వేస్తుంది, ఆ చెయ్యి బరువుగా, ఇటుకలు మోసి కాయలు కాసిన చెయ్యిలాగే ఉంటుంది. "ఒక్క పని సెయ్యి. నాను పోనానని సెప్పీ. ఇల్లు మారినానని మాత్రం ఉంచకు. బాకీలెగ్గొట్టి పారిపోనదాన్నిలాగ నా పేరు ఆ కాయితంలో ఉండకూడదు. ఆ ఇంట్లోనే ఉండి సచ్చిపోనానని రాయించు."

"రాయిస్తా."

"లేదంటే ఆళ్ళెవులూ పలకరు, సూడు," అని గోడ వైపు చూపిస్తుంది. వరసలో ఉన్నవాళ్ళు నోళ్ళు తెరుస్తారు, మాట రాదు. "బేగి ఎల్లు. పిలుస్తన్నారు."

"పొట్నూరు అప్పలనరసమ్మా!"

సువార్త ఉలిక్కిపడి లేచింది. వార్డు ఆఫీసు వరండా, విచారణ రోజు. పొద్దున పదకొండు కావస్తోంది, రెండు రోజులుగా నిద్ర లేక స్తంభానికి తల ఆనించి అలాగే ఒరిగిపోయింది. చుట్టూ కొండ మీదివాళ్ళు, పని మానుకుని వచ్చినవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. లోపల గుమాస్తా మొదటి పేరు రెండోసారి పిలిచాడు. ఆమె ఊరెళ్ళిందని చెప్పమని సంఘంలో ఒకరిద్దరు నిన్ననే సలహా ఇచ్చారు. ఆ మాటే చెప్దామని పొద్దున ఇంట్లోంచి బయల్దేరింది సువార్త. అడుగు వెయ్యబోతే పిక్కలు లాగేస్తున్నాయి, ఎనిమిదింటి నుంచీ కూర్చునే ఉన్నా, కొండంతా ఎక్కి దిగినట్టు.

కుంటుతూనే లోపలికి వెళ్ళి అధికారి బల్ల ముందు నిలబడింది.

"ఆవిడ చనిపోయిందండి," అంది. మూడు నెలల్లో ఆ మాట ఆమె నోట రావడం ఇదే మొదటిసారి.

అధికారి కాగితం మీంచి తల ఎత్తాడు. "మరి ఉంటోందని ఈ సంతకం?"

"నాదేనండి. ఎప్పుడూ ఆవిడ పేరుతోనే మొదలెడతాం, ఆ అలవాటులో పెట్టేశాను. తప్పని తెలిశాక కూడా కొట్టెయ్యలేకపోయాను. కానీ మీరు రాసిందీ తప్పేనండి. ఆవిడ ఇల్లు మారలేదు. ఆ ఇంట్లోనే ఉండి చనిపోయింది. అట్టా రాయండి."

"ఇక నీ సంతకం చెల్లదమ్మా. ప్రతి మనిషీ వచ్చి నా ఎదురుగా నిలబడాల్సిందే. నడవలేనివాళ్ళు ఉన్నా సరే."

"వస్తారండి. నడవలేనివాళ్ళని మేము మోసుకొస్తాం."

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా మొదటి పేరు మీద గీత గీసి, పక్కన ఉన్న ‘ఇల్లు మారారు’ అన్న రెండు మాటలు కొట్టేసి, సువార్త చెప్పినట్టే రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది ఆమెకి. తర్వాత అతను రెండో పేరు పిలిచాడు.

"ఉన్నానండీ!" అని వరండాలోంచి, కొండ మీంచి కేక వేసినంత గట్టిగా, ఎవరో పలికారు.