వంటావిడ కోసం కొన్న చెప్పులు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో నా పేరు మిరపకాయ. పెట్టింది మా అన్నయ్యే. అందుకేనేమో, తను ఏం పంపినా ముందు నాలుగు తిట్టి ఆ తర్వాతే విప్పుతాను.

ఈసారి వచ్చిన డబ్బాలో ఒక జపాన్ వీడియో గేమ్ ఉంది. మా చిన్నప్పటి ఆటే. బొమ్మలకు మెరుగులు దిద్ది, సంగీతం కొత్తగా వాయించి, మాటలన్నీ మాకు చదవడం వచ్చిన భాషలోకి మార్చి మళ్ళీ అమ్ముతున్నారట. ఈసారి బటన్లు నీ చేతికే అని ఫోన్‌లో చెప్పాడు. తను కూడా ఒకటి కొనుక్కున్నాడట గానీ, ఎందుకో మొదలుపెట్టబుద్ధి కావట్లేదన్నాడు. తను బస్సు డ్రైవరు. నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు ఫ్రేముకు సరిపోయేలా అరగదీస్తాను. మా ఇద్దరికీ ఆటలాడే వయసు ఎప్పుడో దాటిపోయింది.

చిన్నప్పుడు జాయ్‌స్టిక్ నా చేతికి ఇస్తే ఒట్టు. నువ్వు చూడవే చాలు అనేవాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న క్యాసెట్టు అది, అక్షరాలన్నీ జపాన్‌వే. అయినా తెర మీద అవి పడుతుంటే అన్నయ్య గడగడా చదివినట్టే కథ చెప్పేవాడు. కత్తి కుర్రాడు, గోడలెక్కే పిల్ల, విల్లు తాత, గరిటె పట్టుకున్న వంటావిడ. కొట్లాట అయ్యాక ఆవిడ గిన్నెలో ఏదో కలిపి పోస్తే అందరి దెబ్బలూ మానిపోయేవి. నాకు ఆవిడంటే ప్రాణం.

సగం ఆటలో ఆ నలుగురూ ఒక లైట్‌హౌస్‌లోకి వెళతారు. బయటికి ముగ్గురే వస్తారు. తాత టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. నేను ఏడుపు లంకించుకుంటే అన్నయ్య కంగారు పడలేదు. తాతకు ఉక్కపోస్తోందట. వంటావిడ పైన దీపం ఆరిపోకుండా చూసుకుని, ఆట అయ్యేలోగా వచ్చేస్తుందట. ఆ తర్వాత ఏ ఊరు చేరినా ఆవిడ కోసం మంచి చెప్పులు కొని సంచిలో దాచేవాడు. మధ్యమధ్యలో పనిగట్టుకుని వెనక్కి వెళ్ళి ఆ లైట్‌హౌస్ తలుపు తట్టి వచ్చేవాడు.

ఆ రోజుల్లోనే అమ్మ ఆస్పత్రిలో ఉంది. పిన్ని వచ్చి మాకు వండిపెట్టేది. పెద్దవాళ్ళు మమ్మల్ని చూడగానే మాట మార్చేవాళ్ళు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే అన్నయ్య దానికీ అదే చెప్పేవాడు, ఆట అయ్యేలోగా అని. ఆట అయిపోయింది. తెర మీద పేర్లు కిందినుంచి పైకి పోయాయి. వంటావిడా రాలేదు, అమ్మా రాలేదు. అమ్మ అంతకుముందే పోయిందని పిన్ని తర్వాత చెప్పింది. అన్నయ్యకు అంతా తెలుసని, తెలిసే నన్ను ఏమార్చాడని నేను తీర్మానించేసుకున్నాను.

ఇక అప్పటినుంచీ తను నాకు కోతలరాయుడే. ఏం చెప్పినా సగానికి సగం కొట్టేసి వినడం అలవాటైపోయింది. జ్వరమని రాలేకపోయానంటే నమ్మలేదు. బస్సు చెడిపోయిందంటే నమ్మలేదు. ఒక్కగానొక్క అన్న, కాస్త చూసీ చూడనట్టు పోరాదూ అని మా ఆయన అంటే, అన్నయ్య సంగతి నీకేం తెలుసని విరుచుకుపడేదాన్ని. అన్నయ్య మాత్రం మిరపకాయ ఎర్రబడిందని నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఆయన కునుకు తీస్తుంటే సోఫాకు ఆనుకుని కింద కూర్చుని ఆడాను. మెరుగుపెట్టిన ముఖాలు కొత్తగా సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. ఒక బటన్ నొక్కితే పాత బొమ్మలు వస్తాయి, నేను అవే పెట్టుకున్నాను. మొదటి ఊరు దాటకుండానే తోడేలు చేతిలో చచ్చాను. చూసినంత తేలిక కాదు ఆడటం. ఇక కథంటారా, అన్నయ్య చెప్పినదానికీ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. విల్లు తాత అసలు మంచివాడే కాదు, ఒకప్పుడు రాజుగారి గూఢచారి. పడీపడీ నవ్వాను.

లైట్‌హౌస్ దాకా నవ్వాను. అక్కడ వంటావిడ ముగ్గుర్నీ బయటికి నెట్టి లోపలినుంచి గడియ పెట్టింది. "నా కోసం ఆగకండి పిల్లలూ. ఈ తలుపు ఇక తెరుచుకోదు." తాత టోపీ తీశాడు. "పోయింది," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆట అలాగే వదిలేసి ఫోన్ చేశాను.

"ఆవిడ చచ్చిపోయింది," అన్నాను, పలకరింపు కూడా లేకుండా. "అన్నీ తెలిసే నాతో నాటకాలాడావు. అమ్మ సంగతిలోనూ అంతే."

అవతల డిపోలో ఇంజిన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరు, వంటావిడా?" అన్నాడు అన్నయ్య. "చచ్చిపోయిందా?"

పెద్దవాడు అడిగినట్టు లేదు అది. అప్పుడు తట్టింది నాకు. నాకు రాని జపాన్ భాష తనకు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకంటే కాస్త పెద్ద, అంతే కదా.

"నీకు తెలీదా అన్నయ్యా?"

"నాకేం తెలుసే? అమ్మ వచ్చేస్తుందని పిన్ని నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. ఆటలో కూడా అంతే, వస్తుందనే అనుకున్నా. రాకపోయేసరికి, చదవడం రాక ఎక్కడో ఏదో చెయ్యకుండా వదిలేశాననుకున్నా. నేనింకాస్త సరిగ్గా వెతికుంటే వచ్చేదేమో అని... ఇన్నాళ్ళూ అదే అనుకున్నానే."

ఆట మొదలుపెట్టబుద్ధి కాలేదని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. మొదలుపెట్టనంతకాలం ఆవిడ వచ్చే వీలుంది. అది కూడా లేకుండా చేశాను నేను. తిట్టడానికైతే నాకు నోరు ఇంత పొడవు. తప్పయిపోయింది అన్నయ్యా అనడానికి మాత్రం నాలుక తిరగలేదు. ఆ మాట ఎప్పుడూ అని ఎరగను.

తనే తేరుకున్నాడు. బస్సు తీసే టైమైందన్నాడు.

"చెప్పులు కొన్నావా?" అని అడిగాడు.

లేదన్నాను.

"తర్వాతి ఊళ్ళో మంచివి దొరుకుతాయి. కొనిపెట్టు."

కొన్నాను. కత్తి కోసం కూడబెట్టినదంతా వాటికే అయిపోయింది. ఎవరికి తొడగాలని ఆట అడిగింది. కింద ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఎవరికీ తొడగకుండా సంచిలో పెట్టేశాను.